పాలగిన్నె కనపడని కవిత్వం

ఈమధ్య మా బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళాను. కొత్త పొయ్యి మీద పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, భోజనాలు అన్నీ అయ్యాక కొంగుతో విసురుకుంటూ ఓ మూల చాప మీద చేరగిలబడ్డాను. వరసకి కూతురయ్యే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని గుసగుసగా మొదలుపెట్టింది.

"పిన్నీ, నువ్వు నవలలు రాస్తావు కదా, నీకు చెపితే అర్థమవుతుంది. మావారు అన్నివిధాలా మంచివారే. కానీ బొత్తిగా రొమాంటిక్ కాదు."

"అంటే ఏమిటే?" అన్నాను.

"అంటే... పెళ్ళిరోజని తెలిసి కూడా ఒక్క పువ్వు తేలేదు. మొన్న జోరున వాన పడుతుంటే బాల్కనీలోకి రండి, చూద్దాం అన్నాను. వచ్చి, ఆరేసిన బట్టలన్నీ తీసి నా చేతుల్లో పెట్టి లోపలికెళ్ళిపోయారు!"

నాకు నవ్వాగలేదు. అడక్కుండా బట్టలు తీసిన మగవాడు మా రోజుల్లో అయితే చూడ్డానికి నలుగురూ వచ్చేవారు. కానీ అది పాపం నిజంగానే చిన్నబుచ్చుకుంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. రొమాంటిక్! బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివేటప్పుడు ఆ మాటకి అర్థం రాయడానికి ఎన్ని కాగితాలు ఖర్చు చేశామో. అందులో వాన వుండేది, కొండలుండేవి, ఫ్రెంచి విప్లవం కూడా వుండేది. పెళ్ళిరోజుకి పువ్వు తేవాలన్న షరతు మాత్రం ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఆ పాత పుస్తకాలు మళ్ళీ దులిపి కిందికి దింపాను. ఇరవై ఏళ్ళప్పుడు చదివినవి నలభై దాటాక చదివితే అవే పుస్తకాలు కావని మీకూ తెలిసే వుంటుంది.

1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ అనే ఇద్దరు స్నేహితులు పేర్లు వేసుకోకుండా ఒక పద్యాల పుస్తకం అచ్చువేశారు. పేరు 'లిరికల్ బాలడ్స్'. ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళు నిండలేదు. 1800లో రెండో కూర్పుకి వర్డ్స్‌వర్త్ పొడుగాటి పీఠిక రాశాడు. మామూలు మనుషులు మాట్లాడుకునే మాటలతోనే కవిత్వం రాయాలనీ, కవిత్వానికి వేరు గుండె అని చెప్పుకున్నాడు. ఇవాళ మనకిందులో వింతేమీ కనపడదు. అప్పట్లో మాత్రం, చదువుకున్న వాళ్ళు గ్రీకు దేవతల పేర్లూ, కట్టుదిట్టమైన అలంకారాలూ లేనిదే పద్యం కాదనుకునేవారు. ఈయనొచ్చి తెలివి వికసించని పిల్లవాడి కోసం రాత్రంతా వెతుక్కునే తల్లిని నాయిక చేశాడు. పట్నం వెళ్ళి చెడిపోయిన కొడుకు ఇక రాడని తెలిసినా, వాడితో కలిసి కట్టాలనుకున్న గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చే మైకేల్ అనే ముసలి కాపరిని నాయకుణ్ణి చేశాడు. ఆ ముసలాయన ఏడవడు, ఉపన్యాసం చెప్పడు. రాళ్ళ కుప్ప ఒక్కటే ఆయన దుఃఖాన్నంతటినీ చెపుతుంది. కాలేజీలో పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ పద్యం మొన్న చదువుతుంటే, కొడుకుల్ని దూరదేశాలకి పంపిన మా వీధిలోని పెద్దవాళ్ళు వరసగా కళ్ళముందు కదిలారు.

కాల్పనిక సాహిత్యం లోకానికిచ్చిన అసలు ఆస్తి ఇదని నా నమ్మకం. చిన్నవాళ్ళ మనసులో జరిగేది చిన్న విషయం కాదన్నారు చూడండి, అది. గుమస్తా దిగులూ, కాపురానికొచ్చిన పిల్ల బెంగా కథా వస్తువులయ్యాయంటే ఆ తలుపు తెరిచిన చేతుల్లో వీళ్ళ చేతులూ వున్నాయి. వెన్నెలా, పడవలూ ఆ తర్వాత వచ్చి చేరిన అలంకారాలు.

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. పేచీ అంతా పాలగిన్నె దగ్గరొచ్చింది.

1797 జూలైలో కోల్‌రిడ్జ్, భార్య సారా, సోమర్సెట్‌లో నెదర్ స్టోవీ అనే ఊళ్ళో చిన్న ఇంట్లో వుండేవారు. వర్డ్స్‌వర్త్, అతని చెల్లెలు డొరతీ వచ్చారు. లండన్ నించి ఛార్లెస్ లాంబ్ కూడా దిగాడు. అందరూ కలిసి కొండల్లోకి షికారు వెళ్ళాలనుకున్నారు. ఈలోగా సారా చేతిలోని పెనం ఒరిగి, కాగిన పాలు కోల్‌రిడ్జ్ కాలి మీద పడ్డాయి. కాలు బొబ్బలెక్కింది. స్నేహితులు షికారు వెళ్ళారు. ఈయన పక్కింటివారి తోటలో లైమ్ చెట్ల నీడన కూర్చుని, వాళ్ళు ఇప్పుడెక్కడ నడుస్తున్నారో, ఏ లోయ చూస్తున్నారో ఊహించుకుంటూ ఒక పద్యం రాశాడు. (లైమ్ అంటే మన నిమ్మచెట్టే అనుకుని పరీక్షలో 'పుల్లని వాసన' అని రాసి వచ్చాను నేను. అది ఇంగ్లండులో పెరిగే పెద్ద నీడనిచ్చే మాను, నిమ్మకీ దానికీ సంబంధం లేదని మార్కులొచ్చాక తెలిసింది.)

చాలా మంచి పద్యం అది. మొదట్లో అలక వుంటుంది. వాళ్ళంతా వెళ్ళిపోయారు, నన్నొదిలేశారని. ఊహలో వాళ్ళ వెంట నడిచేకొద్దీ ఆ అలక కరిగిపోతుంది. చివరికి తను కూర్చున్న చోటే ఆకుల మీద వెలుగు ఎంత బాగుందో గమనిస్తాడు. ఎక్కడికీ వెళ్ళకుండానే అన్నీ చూడగలగడం, కాల్పనిక కవులు భావన అన్నదానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు కనపడదు. ఇంటిపట్టున వుండిపోయిన ఏ ఆడదానికైనా ఆ పద్యం అర్థమవుతుంది.

అయితే పద్యంలో పాలు లేవు. పాల సంగతి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో వుంది. పాపం, పొరపాటున పడ్డాయనే రాశాడు. నిష్ఠూరమాడలేదు. కానీ నా బుద్ధి వంటింటి బుద్ధి కదా, అక్కడే ఆగిపోయింది. ఇంటినిండా చుట్టాలు. చంకలో పది నెలల పిల్లవాడు హార్ట్‌లీ. ఆ పాలు ఎవరికోసం కాస్తోంది సారా? ఆమె చెయ్యి కాలిందా, లేదా? ఆవిడకి కూడా కొండలు చూడాలనిపించిందా? అంత గొప్ప భావన లోయలన్నీ తిరిగొచ్చింది గానీ, పెరటి గోడ దాటి తన వంటింట్లోకి మాత్రం తొంగి చూడలేదు.

ఆ షికారుకి వెళ్ళిన డొరతీ సంగతి చూడండి. ఆమె తర్వాత గ్రాస్‌మియర్‌లో అన్నగారితో కాపురముంటూ 1800 నించి 1803 దాకా దినచర్య రాసింది. అన్నయ్య చదువుకుని సంతోషిస్తాడని మొదలుపెట్టానని తనే చెప్పుకుంది. రొట్టెలు చేశాను, బట్టలు ఇస్త్రీ చేశాను, విలియం పద్యాలకి సాపు రాశాను, తలనొప్పిగా వుంది. ఇలాంటి సంగతుల మధ్యలో హఠాత్తుగా ఓ చెరువు మీద వెలుతురు గురించి నాలుగు మాటలు రాస్తుంది, మనం పుస్తకం మూసి కూర్చోవాల్సిందే. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్ళిద్దరూ అల్స్‌వాటర్ సరస్సు గట్టున నడుస్తూ పసుప్పచ్చని డాఫడిల్ పూలు బారులుగా వుండడం చూశారు. గాలి విసురుగా వుంది. కొన్ని పూలు అలిసిపోయి రాళ్ళని తలగడ చేసుకున్నట్టున్నాయనీ, మిగతావి తూలుతూ ఆడుతున్నాయనీ ఆమె రాసుకుంది. దాదాపు రెండేళ్ళ తర్వాత అన్నగారు ఆ పూల మీద పద్యం రాశాడు. 1807లో అచ్చయింది. స్కూల్లో మీరూ చదివే వుంటారు. అందులో కవి ఒంటరిగా తిరుగుతున్నాడు, మేఘంలాగా. చెల్లెలు లేదు!

ఆమె సొత్తు ఆయన దొంగిలించాడని కొందరు వాదిస్తారు. నేనలా అనను. డొరతీ రాసింది ఆ రోజు గురించి. ఆయన రాసింది ఆ రోజు మనసులో దాక్కుని, ఎప్పుడో దిగులుగా పడుకున్నప్పుడు లేచొచ్చి ఓదార్చడం గురించి. రెండూ వేరు. పైగా చెల్లెలి ఋణం ఆయన వేరే పద్యాల్లో బాహాటంగానే ఒప్పుకున్నాడు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పద్యంలో అన్నిటికంటె మంచి పాదాలు రెండూ తన భార్య మేరీ చెప్పినవని కూడా ఆయనే అన్నాడు. పూలు చూసి రాసిపెట్టింది చెల్లెలు. ఆయువుపట్టు లాంటి రెండు పాదాలు భార్యవి. ఒంటరితనం మీద ప్రపంచంలోకెల్లా పేరుపొందిన పద్యాన్ని ముగ్గురు కలిసి తయారుచేశారన్నమాట! కాల్పనిక కవికి ఒంటరితనం పెళ్ళికొడుక్కి తలపాగా లాంటిది. అది లేకపోతే నలుగురూ గుర్తుపట్టరు. డొరతీ దినచర్య ఆమె బతికుండగా అచ్చుకాలేదు. 1855లో ఆమె పోయాక చాలా ఏళ్ళకి గానీ లోకం చూడలేదు.

షెల్లీ కథ ఇంత సౌమ్యంగా చెప్పడానికి వీల్లేదు. ప్రేమకి సంకెళ్ళుండకూడదన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంగా చదివితే ఇప్పటికీ మనసు ఉప్పొంగుతుంది. 1811లో పదహారేళ్ళ హేరియట్‌ని పెళ్ళాడాడు. 1814లో పదహారేళ్ళ మేరీతో వెళ్ళిపోయాడు. 1816 డిసెంబరు 10న హేరియట్ శవం లండన్‌లో సర్పెంటైన్ చెరువులో దొరికింది. ఆమె అప్పుడు గర్భిణి. ఇరవై రోజులకి షెల్లీ మేరీల పెళ్ళి జరిగింది. హేరియట్ పిల్లలిద్దర్నీ కోర్టు తండ్రికివ్వలేదు. ఆమె పేరు తలవకుండా షెల్లీ స్వేచ్ఛాగీతాలు చదవడం నావల్ల కాదు. చదవడం మానడమూ నావల్ల కాదు.

మేరీ తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. స్త్రీల హక్కుల గురించి 1792లోనే పుస్తకం రాసిన మనిషి. కూతుర్ని కన్న పదకొండో రోజున, 1797 సెప్టెంబరులో పోయింది. ఆ కూతురు 1815లో నెలలు నిండని పాపని కంది. పాప బతకలేదు. చల్లబడిపోయిందంతే, మంట దగ్గర పెట్టి ఒళ్ళు రుద్దితే బతికిందని కలగన్నానని కొద్దిరోజులకి ఆమె డైరీలో రాసుకుంది. ఆ మరుసటి ఏడు జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున బైరన్ ఇంట్లో చేరారంతా. అంతకు ముందేడు తంబోరా అగ్నిపర్వతం పేలిన పుణ్యమా అని యూరప్‌లో ఆ ఏడు ఎండాకాలమే రాలేదు. వానకి బయటికెళ్ళలేక, తలా ఒక దయ్యం కథ రాద్దామన్నాడు బైరన్. పద్దెనిమిదేళ్ళ మేరీ రాసిందే 'ఫ్రాంకెన్‌స్టైన్'.

సినిమాల వల్ల ఆ పేరు రాక్షసుడిదని అనుకుంటాం. అది సృష్టించినవాడి పేరు. ఆ ప్రాణికి అసలు పేరే లేదు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ దాదాపు రెండేళ్ళు నిద్రాహారాలు మాని ప్రాణం పోస్తాడు. అది కళ్ళు తెరవగానే అసహ్యించుకుని పక్క గదిలోకి పారిపోతాడు. ఆ ప్రాణి ఓ బీద కుటుంబం ఇంటి గోడ వెనక దాక్కుని, సందులోంచి చూసి మాట నేర్చుకుంటుంది. రాత్రిపూట వాళ్ళకి కట్టెలు కొట్టి పెడుతుంది. దొరికిన పుస్తకాలు చదువుతుంది. అందులో ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న వెర్తర్ కథ, అదే గొయతే నవల, కూడా వుంది. అంత చదివీ, అది అడిగేది ఒక్కటే. నన్ను కన్నవాడు నన్నెందుకు వదిలేశాడని.

భయంకర నవల అని అటక మీద పెట్టేసిన పుస్తకం ఇది. ఈసారి చదివితే నాకు అందులో విమర్శ కనపడింది. సృష్టించడం గొప్పే, సరే. సృష్టించాక పాలుపట్టేదెవరు? భావుకులైన మహామేధావుల మధ్య, చంటిపిల్లవాణ్ణి పెట్టుకుని కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్లకి తప్ప ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. 1818 జనవరి 1న రచయిత పేరు లేకుండా అచ్చయితే, వాల్టర్ స్కాట్ అంతటివాడు అది షెల్లీ రాశాడనుకుని సమీక్ష చేశాడు! కాల్పనిక సాహిత్యానికి మొదటి గట్టి విమర్శ ఆ ఇంట్లోంచే వచ్చిందని నేనంటాను. అతిశయోక్తి అనిపిస్తే మన్నించండి.

ఈ గాలి మన వైపుకీ వీచిన సంగతి మీకు తెలిసిందే. కాలేజీల్లో షెల్లీనీ కీట్స్‌నీ చదివిన కుర్రవాళ్ళు, అటు ఠాగూరు ప్రభావమూ కలిసి, భావకవిత్వమన్నారు. రాయప్రోలు 'తృణకంకణం' 1913లో వచ్చింది. ప్రేమించుకున్నవాళ్ళు ఒకటి కాలేకపోయి, ఆ ప్రేమని స్నేహంగా మార్చుకుని గడ్డిపోచతో కంకణం కట్టుకునే కథ. 1925లో దేవులపల్లి 'కృష్ణపక్షం'. ఆయన్ని ఆంధ్రా షెల్లీ అన్నారు. ఏడుపు కవిత్వమని తర్వాతివాళ్ళు వెక్కిరించారు గానీ, అది ఏ కాలమో మర్చిపోకూడదు. శారదా చట్టం వచ్చిందే 1929లో. బొమ్మలాడుకునే వయసులో ఆడపిల్లల మెళ్ళో పుస్తెలు కట్టే రోజుల్లో, ఒక మనసు ఇంకో మనసుని కోరుకోవడం పవిత్రమైన విషయమని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ గౌరవం వాళ్ళకి దక్కాలి.

ఆ ప్రేయసి మాత్రం ఎప్పుడూ దూరంగానే వుంటుంది. ఊర్వశి కదా, దిగొచ్చి అన్నం వడ్డించదు. మాట్లాడదు కూడా. ఆ రోజుల్లోనే చావలి బంగారమ్మగారు, తమ్ముడు కొంపెల్ల జనార్దనరావు ప్రోత్సాహంతో, పాటలు రాసింది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంకితమిచ్చింది ఆ జనార్దనరావుకే. ముద్దుకృష్ణ 1935లో కూర్చిన 'వైతాళికులు'లో ఆమె పాటలు చూడండి. పెద్ద మాటలుండవు. ఇంటి ఆడవాళ్ళ పలుకుబడిలో, పక్కన కూర్చుని చెపుతున్నట్టుంటాయి. వాటిని వరసగా చదివితే ఆ సంకలనంలో ఒక కిటికీ తెరిచినట్టవుతుంది నాకు. డొరతీ గుర్తొచ్చేదీ అక్కడే.

ఇక నా సంగతి చెప్పుకోకపోతే అన్యాయం. బైరన్ మీద ఈ పాటికి నాలుగు మాటలనాలి గానీ, అనడానికి నోరు రావడం లేదు. ఎందుకంటే ఆయన వారసుణ్ణి నేను ఎన్నో ఏళ్ళు మేపాను. గతంలో ఏదో గాయం, ఎప్పుడూ కోపం, ఎవరికీ లొంగని చూపు, లోపల మాత్రం వెన్న. 1812లో బైరన్ రాతల్లో పుట్టిన ఆ మనిషి 1847లో షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్'లో రోచెస్టర్ అయ్యాడు. అక్కణ్ణించి సముద్రాలు దాటి మన వారపత్రికల సీరియల్స్‌లోకి కారు దిగాడు. నా మూడు నవలల్లో అతనే హీరో.

కొన్నేళ్ళ కిందట ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. రూళ్ళ కాగితం మీద, గుండ్రటి దస్తూరీ. "మీ నవలలో అతను ఇరవై ఆరో వారానికి మారాడమ్మా. ఆమె ఓర్పు చూసి కరిగిపోయాడు. నేను పదకొండేళ్ళుగా ఓర్చుకుంటున్నాను. ఇంకా ఎన్ని వారాలు పడుతుందంటారు?" అంతే వుంది. కింద పేరు లేదు, ఊరు లేదు. వుంటే మాత్రం ఏమని జవాబు రాసేదాన్ని?

ఆ ఉత్తరం తర్వాత 'జేన్ ఐర్' మళ్ళీ చదివాను. షార్లెట్ నాకంటె ఎంత తెలివైనదో! జేన్ కోపిష్టి మనిషిని ఓర్పుతో మార్చలేదు. మొదటి భార్యని పైగదిలో దాచిన సంగతి బయటపడగానే అతని ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లు తగలబడింది. అతనికి చూపు పోయింది. ఈమెకి పినతండ్రి ఆస్తి కలిసొచ్చి తన కాళ్ళ మీద తను నిలబడింది. అప్పుడు గానీ రచయిత్రి ఇద్దర్నీ కలపలేదు. మేమంతా ఆ హీరో కోపాన్ని అరువు తెచ్చుకుని, నాయిక వెళ్ళిపోవడాన్నీ, ఆమె ఆస్తినీ వదిలేశాం.

ఆ కాలంలోనే జేన్ ఆస్టెన్ 'పర్సుయేషన్'లో, బైరన్‌నీ స్కాట్‌నీ కంఠతా పట్టి దిగులుపడే ఒక నావికుడికి, కాస్త వచనం కూడా చదవండి బాబూ అని ఏన్ చేత సలహా చెప్పిస్తుంది. మందులిచ్చినట్టు, ఏ పుస్తకాలో కూడా చెపుతుంది ఏన్. తీరా సలహా చెప్పాక, తను మాత్రం ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదేమిటని లోపల సిగ్గుపడుతుంది. ఆ పేజీ దగ్గర నేనూ కాసేపు తలవంచుకున్నాను.

ఇప్పుడు కొత్త సీరియల్ మొదలుపెట్టాను. మొదటి వారంలో వాన పడుతుంది. హీరో ఆరేసిన బట్టలు తీస్తాడు. రెండో వారంలో పాలు కాస్తూ చెయ్యి కాల్చుకుంటాడు. సంపాదకులు చదివి ఫోన్ చేశారు. "బట్టలదాకా సర్దుకుంటామండీ, పాలు మరీ బాగోలేదు. మీ పాఠకులు ఒప్పుకోరు," అన్నారు.

"ముందు అడిగి చూద్దాం," అన్నాను. బేరం ఇంకా తెగలేదు.